తొమ్మిది ముడులు

అటక మీద నుంచి రేకు పెట్టె దించినప్పటి నుంచి నాకు ఒక చోట కుదురు లేదు. దాన్ని దించమన్నది నాన్నే. కింద గదిలో కొత్తగా తెచ్చిన ఎల్‌ఈడీ పలకలకు చోటు చాలడం లేదు, పైన ఉన్న పాత సామానంతా తీసి పారెయ్యాలన్నాడు. అది నా స్కూలు పుస్తకాల పెట్టె. తాళం ఎప్పుడో తుప్పు పట్టి ఊడిపోయింది. పైన ఏడో తరగతి నోటు పుస్తకాలు, వాటి కింద మూడు డైరీలు, డైరీల కింద పాత లంగా గుడ్డలో చుట్టిన మూట. విప్పకముందే అందులో ఏముందో నా చేతులకు తెలిసిపోయింది. అయినా విప్పాను. ఆకుపచ్చ వైరు చుట్ట, దాని పొడుగునా వేలి గోరంత బల్బులు, రెండు చోట్ల ఎర్రదారం ముడులు, పక్కన ఒక అగ్గిపెట్టె. అగ్గిపెట్టె కదిపితే గలగలమంది. మళ్ళీ మూట కట్టేసి, కిందికి దిగి, మంచినీళ్ళు తాగి, వీధిలోకి వెళ్ళి, ఎందుకు వెళ్ళానో తెలియక వెనక్కి వచ్చాను. రెండు రోజులు అలాగే తిరిగాను. నేను పని చేసే కాలేజీ ఆఫీసులో అద్దం వెనక కూర్చుని, ఒకే దరఖాస్తు మీద రెండుసార్లు ముద్ర వేశాను. దరఖాస్తు తెచ్చిన పిల్ల నవ్వితే, నవ్వలేక లేచి వెళ్ళిపోయాను.

మాది లైటింగు షాపు. నర్సీపట్నంలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ పెళ్ళిళ్ళకీ పండగలకీ దీపాలు కట్టడం నాన్న పని. షాపు మెయిన్ రోడ్డు మీద ఉన్నా, అసలు పని జరిగేది మా ఇంటి వెనక వసారాలో. అక్కడ గోడకి ఒక ప్లగ్గు బోర్డు, కింద ఒక చిరుగుల చాప, చాప మీద మా సూరత్త. నాన్నకి అక్కగారు, ఆయన 'అప్ప' అని పిలిచేవాడు. పూర్తి పేరు సూర్యకాంతం. మావయ్య చిన్న వయసులోనే పోతే, కూతురు కుమారి వదినని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చేసిందట. నాకు ఊహ తెలిసేసరికి కుమారి వదిన పెళ్ళి చేసుకుని మాకవరపాలెం వెళ్ళిపోయింది, అత్త మాత్రం ఆ చాప మీదే ఉంది. పొద్దున్నే స్నానం చేసి, గ్లాసుడు టీ తాగి, తడి జుట్టు ముడి వేసుకుని వసారాలోకి వచ్చేది. పని కుర్రాళ్ళు తెచ్చి పడేసిన గోనె సంచుల్లోంచి సీరియల్ సెట్లు, అంటే వరసగా బల్బులు కట్టిన తీగలు, బయటికి లాగి, మొదట వాసన చూసేది. "ఇది పెళ్ళికెళ్ళింది, పన్నీరు వాసనొస్తంది సూడు. ఇది జాతరకెళ్ళింది, కోడి పులుసు" అని నవ్వేది. నేనూ వాసన చూసేదాన్ని. నాకు మట్టీ, వేడెక్కిన ప్లాస్టిక్కూ, కొద్దిగా ఎలకలూ తప్ప ఏమీ తెలిసేవి కావు. సంచుల్లోంచి వచ్చే ఆ దుమ్ముకి అమ్మ తుమ్ముతూ వంటింటి తలుపు మూసేసేది. మా ఇద్దరికీ తుమ్ములు వచ్చేవి కావు, అలవాటైపోయింది.

నేను మాట్లాడే పిల్లని కాదు. ఇంటికి ఎవరైనా వస్తే తలుపు వెనక్కి వెళ్ళేదాన్ని. అత్త దగ్గర మాత్రం ప్రశ్న మీద ప్రశ్న వేసేదాన్ని. ఆమె నా మొహం చూడకుండా వైరు చూస్తూ జవాబు చెప్పేది, అందుకేనేమో భయం ఉండేది కాదు. ఒక్క బల్బు పోతే తీగ మొత్తం ఎందుకు ఆరిపోతుందని ఒకసారి అడిగాను.

"కరెంటు ఎల్లిన దార్నే ఎనక్కి రాదే. గోడకాడ బయల్దేరి, ఇలగ ఒక్కో దాంట్లోంచీ దూరి, అలగ తిరిగి గోడకాడికే రావాల. మద్దిలో ఎక్కడ తెగినా పనైపోయినట్టే."

"తెగిన చోటు దాకా వెళ్ళి ఆగిపోతుందా?"

"ఆగిపోడం కాదే గుంటా. అసలు బయల్దేరదు. తిరిగొచ్చే దారి నేదంటే గుమ్మం దాటదు. మీ నాన్న కన్నా తెలివైంది."

వంటింట్లోంచి అమ్మ నవ్వు వినిపించింది. నాన్న జీపు కొనడానికి ఎక్కడికో వెళ్ళి, తిరుగు చార్జీకి డబ్బు లేక రెండు రోజులు అక్కడే ఉండిపోయిన కొత్త రోజులవి.

ఆ తర్వాత స్కూల్లో సైన్సు మాస్టారు బల్ల మీద ఒక బ్యాటరీ, ఒక చిన్న బల్బు, రెండు వైర్లు పెట్టి, "వలయం తెరిచి ఉంటే వెలుగుతుందా, మూసి ఉంటే వెలుగుతుందా?" అని అడిగారు. "తెరిస్తే సార్!" అని క్లాసంతా అరిచింది. కుళాయి తెరిస్తే నీళ్ళు వస్తాయి, తలుపు తెరిస్తే గాలి వస్తుంది, అందరూ అలాగే అనుకున్నారు. నాకు తెలుసు. తెరిచి ఉండడమంటే ఎక్కడో తెగి ఉండడమని, మూసి ఉండడమంటే గోడ నుంచి గోడ దాకా ఎక్కడా ఎడం లేకుండా చుట్టు పూర్తి కావడమని, అప్పుడే వెలుగుతుందని తెలుసు. చెయ్యి సగం లేచింది. మాస్టారు నా వైపు చూసేసరికి ఆ చేత్తో జడ సర్దుకున్నాను. సాయంత్రం అత్తకి చెప్తే, "నీకు తెలిసినట్టు ఆలకెలగ తెలుస్తాదే, నీ జడ సూసా?" అంది. ఆ మాట డైరీలో రాసుకున్నాను. ఇప్పుడా డైరీ తెరిస్తే, ఆ పేజీలో అక్షరాలు నొక్కి రాయడం వల్ల వెనక పేజీలో ఉబ్బుగా ఉన్నాయి.

ఎర్రదారం సంగతి చెప్పాలి. ఒక్కో తీగకి ముప్ఫై ఎనిమిది బల్బులుండేవి. పోయిన బల్బుని వెతికి, దాని స్థానంలో మంచిది పెట్టాలి. వెతకడమంటే, మంచిదని తెలిసిన ఒక బల్బు చేతిలో పట్టుకుని, వరసగా ఒక్కోదాన్ని తీసి దాని చోట దీన్ని పెట్టి స్విచ్చి వేసి చూడడం. తీగ వెలిగిన చోట ఉన్నదే పోయిన బల్బు. పండగల రోజుల్లో కొత్త బల్బులు దొరికేవి కావు. అప్పుడు పోయిన బల్బు తీసేసి, ఆ రెండు కొసలూ మెలిపెట్టి, నల్ల టేపు చుట్టేవాళ్ళం. దారి మళ్ళీ కలుస్తుంది, తీగ వెలుగుతుంది. కానీ ముప్ఫై ఎనిమిది పంచుకునే బరువుని ముప్ఫై ఏడు పంచుకుంటాయి. ఇంకోటి తీస్తే ముప్ఫై ఆరు. తీసేకొద్దీ మిగిలినవి ఇంకా తెల్లగా, ఇంకా ముచ్చటగా వెలిగి, ఇంకా తొందరగా మాడిపోతాయి. అందుకని అత్త ఒక నియమం పెట్టుకుంది. ఒక తీగకి మూడుకి మించి తియ్యకూడదు. తీసిన ప్రతి చోటా ఒక ఎర్రదారం ముడి వెయ్యాలి. టేపు చుట్లని లెక్కపెడితే కుదరదు, ఎలకలు కొరికిన చోటల్లా టేపే కదా. చివర్లో తీగని చుట్ట చుడుతూ, పెరట్లోకి చూస్తూ, బొటనవేలూ చూపుడువేలూ మధ్య నుంచి వైరుని జారనిచ్చేది. వేలికి తగిలిన ముడులే లెక్క. మూడు దాటకపోతే బుట్టలోకి, లేకపోతే పక్కకి. ఆ వేళ్ళ మధ్య నుంచి వైరు జారుతున్న చప్పుడు, సన్నగా, గుడ్డ మీద గోరు గీసినట్టు, ఇప్పటికీ నాకు వినపడుతుంది.

మా వీధి అమ్మవారి పండగకి ముందురోజు ఆ చప్పుడు పొద్దుటి నుంచీ ఆగలేదు. రెండంతస్తుల ఎత్తు అమ్మవారి బొమ్మ, ప్లైవుడ్ పలక మీద బల్బులతో. కళ్ళు మాత్రం పాలరంగు ప్లాస్టిక్ రేకుతో కత్తిరించి, ఒక్కో కంటి వెనక ఒక్కో తీగని చుట్ట చుట్టి పెడతారు. ఆ రెండు తీగల్నీ మళ్ళీ ఒకసారి చూడమని నాన్న చెప్పాడు. ఒకటి వెలిగింది. రెండోది వెలగలేదు. అత్త ఇంకో సంచి పనిలో ఉండి, దాన్ని నాకిచ్చి, "ఎతుకమ్మా, తొందరేటి నేదు" అంది.

తొందర నాకుంది. స్కూలు లైబ్రరీ నుంచి ఒక్కరోజుకని అడిగి తెచ్చుకున్న పుస్తకం ఆ సాయంత్రం లోపల ఇచ్చెయ్యాలి. ఇంకా నలభై పేజీలు మిగిలాయి. పుస్తకం చాప కింద ఉంది, దాని అంచు నా మడమకి తగులుతోంది. పద్ధతి ప్రకారం బల్బు పెట్టి తీసి, పెట్టి తీసి వెతికే ఓపిక లేకపోయింది. మొదటి బల్బు తీసి కొసలు మెలిపెట్టాను. వెలగలేదు. తీసినదాన్ని తిరిగి పెట్టడం ఎందుకని రెండోది కూడా తీసి మెలిపెట్టాను. మూడోది. నాలుగోది. తొమ్మిదోది తీసి మెలిపెట్టి స్విచ్చి వేస్తే వెలిగింది. అంటే పోయింది ఆ తొమ్మిదోదే. ముందు తీసిన ఎనిమిదీ బతికి ఉన్నవే. అప్పటికే ఆ తీగకి అత్త వేసిన ముడులు రెండున్నాయి. నేను తొమ్మిది ముడులు వేస్తే తీగ పక్కకి పోతుంది, మళ్ళీ మొదటి నుంచి చెయ్యమంటుంది. టేపు చుట్టాను, దారం కట్టలేదు. తీసిన బల్బుల్ని అగ్గిపెట్టెలో వేశాను.

"ఎలిగిందేటే?" వెనక్కి తిరక్కుండానే అడిగింది అత్త.

"వెలిగింది అత్తా."

చెయ్యి చాపింది. తీగ ఆమె వేళ్ళ మధ్య నుంచి జారింది. ఒకటి, రెండు. "బాగుంది" అని బుట్టలో వేసింది. నేను పుస్తకం పట్టుకుని పెరటి గుమ్మం దగ్గరికి వెళ్ళిపోయాను. ఆ పుస్తకం ఎలా ముగిసిందో మాత్రం నాకు గుర్తు లేదు.

మర్నాడు సందె వేళ వీధంతా జనం. మినుములు పోసినట్టు తలలు. నాన్న జెనరేటర్ దగ్గర, చుట్టూ మగవాళ్ళు. అమ్మవారి బొమ్మ వెలిగింది. మొదట కిరీటం, తర్వాత చేతులు, చివర్లో కళ్ళు. కుడికన్ను ఎడమదాని కన్నా తెల్లగా, సూటిగా వెలుగుతోంది. "అమ్మోరు సూత్తంది!" అని ఎవరో ముసలావిడ అరిచింది. ముందువరసలో వాళ్ళు చేతులు జోడించారు. వాళ్ళని చూసి వెనక వాళ్ళు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఆ జనంలో చేతులు జోడించనిది అత్త ఒక్కతే. నా భుజం పట్టుకుంది. ఆ పట్టుకి ఎముక నొప్పి పుట్టింది.

"అది మాడిపోతంది. పరిగెట్టుకెల్లి మీ నాన్నకి సెప్పు. కుడికన్ను ఆపీమను. బేగి!"

వెళ్ళాను. నాన్న వీపు దాకా వెళ్ళాను. జెనరేటర్ మోత, చుట్టల పొగ, గట్టి గొంతులు. "నాన్నా" అన్నాను. నాకే వినపడలేదు. చొక్కా పట్టుకుని లాగుదామనుకున్నాను. అంతమంది మగవాళ్ళు తిరిగి చూస్తారు, ఏమైందని అడుగుతారు, నాకు తెలిసిందంతా చెప్పాలి. నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. జనంలోంచి ఒక్కసారిగా ఊపిరి పీల్చిన చప్పుడొచ్చింది. తలెత్తి చూస్తే అమ్మవారికి ఒకే కన్ను ఉంది.

ఆ తర్వాత తలా ఒక మాట అన్నారు. పండగ కమిటీలో ఒక పెద్దాయన నాన్న దగ్గరికి వచ్చి, అత్త వింటుండగానే, "పసుపు కుంకాలు నేని సెయ్యి అమ్మోరి కంటికి తగిలింది. మరి మూసుకోదేటి?" అన్నాడు. నాన్న తల వంచుకున్నాడు. నేను ఆయనకీ అత్తకీ మధ్యలోనే ఉన్నాను, నా ఎత్తు ఆయన మోచేతి దాకా వచ్చేది. మర్నాడు పొద్దున్న బొమ్మ విప్పినప్పుడు కుడికంటి వెనక ఉన్న తీగని నేనే తీసి గుడ్డలో చుట్టేశాను. "ఆ కంటి తీగ ఏదిరా, నాకోపాలి సూపండి" అని అత్త ప్రతి కుర్రాడినీ అడిగింది. నన్నూ అడిగింది. తెలియదన్నాను. వారం తిరక్కుండా, "నాను ఇంక ముట్టుకోను తమ్ముడూ" అని చెప్పి మాకవరపాలెం కూతురింటికి వెళ్ళిపోయింది. ఆ పెద్దాయన మాటకి మనసు విరిగిందని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. తప్పు నాదే, అయినా దెబ్బ కొట్టిన మాట ఇంకొకరిది అనుకుంటే రాత్రులు కొంచెం నిద్ర పట్టేది.

ఇప్పుడు వసారాలో చాప లేదు. ఎల్‌ఈడీ తీగల్లో ఒక ముక్క పోతే మిగిలినవి వెలుగుతూనే ఉంటాయి, మొత్తం పోతే చెత్తలో పడేస్తారు. ఎవరూ వెతకరు. బొమ్మలు నాన్న ఫోన్‌లోంచే కదులుతాయి, కళ్ళు కూడా ఆర్పుతాయి. పని తేలికైంది, దుమ్ము లేదు, అమ్మకి తుమ్ములు లేవు. నేనూ ఫోన్‌లో బాగానే మాట్లాడతాను, అంటే రాస్తాను. అయినా వసారాలోకి వెళ్తే నా కాళ్ళు చాప ఉండే చోటు చుట్టూ తిరిగి వెళ్తాయి.

మూడో రోజు సెలవు పెట్టి, మూట సంచిలో వేసుకుని, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మాకవరపాలెం వెళ్ళే షేర్ ఆటో ఎక్కాను. దారి పొడుగునా దిగిపోదామనే ఉంది. పక్కన కూర్చున్నావిడ బుట్టలో జీడిపళ్ళ వాసన ఘాటుగా కొడుతోంది, అది తప్ప వేరే ఏదీ గమనించలేదు.

అత్త అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది.

"ఏటే, కబురైనా నేకుండా వొచ్చీసేవు? మొకం అలగుందేటి? సంబందం వోళ్ళెవరైనా సూసి పారిపోయేరా?"

లోపల కుమారి వదిన నవ్వింది. నేను అత్త ఒడిలో మూట పెట్టాను. విప్పింది. తీగని కళ్ళతో చూడలేదు, ఒక కొస పట్టుకుని, వీధిలోకి చూస్తూ, వేళ్ళ మధ్య నుంచి జార్చడం మొదలుపెట్టింది. ఒక ముడి. ఇంకో ముడి. ఆ తర్వాత వరసగా తొమ్మిది టేపు చుట్లు, దగ్గర దగ్గరగా. వేళ్ళు ఆగాయి.

"ఇది ఆ కంటిది."

"అవును అత్తా."

"ఈటికి ముడులు నేవు."

"నేను వెయ్యలేదు."

అగ్గిపెట్టె తెరిచి, ఒక బల్బుని ఎండకి ఎత్తి పట్టుకుంది. లోపలి వెంట్రుకంత తీగ చూసింది. "ఇది మంచిదే." ఇంకోటి తీసింది. "ఇదీ మంచిదే." అలా ఎనిమిదిసార్లు అంది. "బతికున్నవాటిని తీసీసేవేటే?" అన్నప్పుడు మాత్రం గొంతు మారింది. నేను పుస్తకం సంగతి చెప్పాను. నాన్న వీపు సంగతి చెప్పాను. గుడ్డలో చుట్టడం చెప్పాను. చెప్తున్నంతసేపూ చిక్కుడు తొక్కలు ఏరి ఒక వరసలో పెడుతూ ఉన్నాను, ఎందుకో తెలియదు.

"ఆ పెద్దమనిషి అన్న మాటకేనని..." అన్నాను.

"ఆడి మాటకేటే! అలాంటివి ఎన్ని ఇన్నేదు. అంత తెల్లగా ఎలిగిందంటే పది దాకా తీసీసిన తీగే అది, నాకు సూడగానే తెలిసింది. మరి నా ఏలికి రెండే ఎలగ తగిల్నాయి? అదే. నా ఏలు సచ్చిపోయిందనుకున్నాను. కళ్ళే తప్పు సూసేయేమోనని కళ్ళ డాట్రు కాడికెల్లేను, కళ్ళు బాగున్నాయన్నాడు. మరైతే సెయ్యే పోయింది, ఇంక నా లెక్క నమ్మి తమ్ముడు పందిరేస్తే ఎక్కడ అంటుకుంటాదో అని వొచ్చీసేను." బల్బుని అగ్గిపెట్టెలో పెట్టి మూసింది. "ఈ ఇంట్లో పప్పులో ఉప్పేసినా రెండుసార్లు సూసుకుంటాను, తెలుసా? కుమారి నవ్వుద్ది."

కుమారి వదిన గుమ్మంలో నిలబడి ఉంది. నవ్వడం లేదు.

"సదూకోవాల అత్తా అంటే నానొద్దంటానేటే?" అంది అత్త. "ఎల్లు సదూకో అనీదాన్ని. ఒక్క మాట."

తర్వాత గుమ్మం వైపు తిరిగి, "కుమారీ, ఎర్రదారం ఉంటే ఇయ్యి" అంది. వదిన కుట్టుమిషన్ సొరుగులోంచి తెచ్చింది. అత్త దాన్ని నా చేతిలో పెట్టింది. ఒక్కో టేపు చుట్టు దగ్గర ఒక్కో ముడి వేశాను. వేసిన ప్రతిదాన్నీ వేలితో చూసింది. నాలుగోది వదులుగా ఉందని విప్పించి మళ్ళీ వేయించింది. తొమ్మిదీ అయ్యాక, తీగని మొదటి నుంచి జార్చింది, ఆ సన్నటి చప్పుడుతో.

"పదకొండు" అంది. తన బొటనవేలిని కాసేపు తిప్పి చూసుకుంది. "మీ నాన్నకెవరు సెప్తారు?"

"నువ్వే చెప్పత్తా."

"నాను సెప్పను. నోరు రాకపోతే ఇది ఆడి సేతికియ్యి. లెక్కెట్టడం ఆడికీ నేర్పేను."

ఆటోలో తీగని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చేసరికి నాన్న కింద గదిలో, కొత్త పలకల ముందు, ఫోన్‌లో ఏవో రంగులు మారుస్తున్నాడు. వీపు నా వైపుంది. గుమ్మంలో నిలబడ్డాను. వెనక్కి వెళ్ళిపోదామన్న ఆలోచన వచ్చింది, చెయ్యి జడ మీదికి వెళ్ళింది.

"నాన్నా" అన్నాను. గది చిన్నది, బాగా వినపడింది.

తిరిగాడు. తీగ చూసి ఫోన్ పక్కన పెట్టాడు. అందుకున్నాడు, ఆయన వేళ్ళు కూడా దాని వెంట జారాయి. పెదవులు కదులుతున్నాయి. చివరికి వచ్చాక మళ్ళీ వెనక్కి వెళ్ళి, ఆ దగ్గర దగ్గరగా ఉన్నవాటిని ఇంకోసారి తడిమాడు. దారం కొత్తది, ఎర్రగా మెరుస్తోంది.

"అప్ప ఏసిందేటి ఇయ్యన్నీ?"

"రెండే అత్తవి నాన్నా" అన్నాను. "తొమ్మిది నావి."